‘హానిబల్’ సగంలో ఆగిపోయిందా? థామస్ హారిస్ తర్వాతి నవలల గురించి ఒక అద్దె పుస్తకాలవాడి జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: “థామస్ హారిస్ థ్రిల్లర్ ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ ఆపకుండా చదివేశాను. ఆ ఊపులో ‘హానిబల్’ మొదలుపెడితే సగం కూడా కాకముందే బండి ఆగిపోయింది. ఆయన రాసినవాటిలో ఇదే గొప్పదని కొందరంటున్నారు, డబ్బుకోసం రాశాడని కొందరంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? మిగతావి కొనాలా, వద్దా?”

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ‘హానిబల్’ని పక్కనపెట్టి ముందు ‘రెడ్ డ్రాగన్’ చదవండి. అది అయ్యాక ‘హానిబల్’కి తిరిగి రండి. కాకపోతే మీరు చదివినదానికి రెండో భాగం అనుకోకుండా, వేరే జాతి నవల అనుకుని చదవండి. ‘హానిబల్ రైజింగ్’కి డబ్బు పెట్టకండి, ఎవరి దగ్గరైనా దొరికితే తిరగేయండి. ‘కారీ మోరా’ ఒక రైలు ప్రయాణానికి సరిపోతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఎవరి మాట నమ్మాలంటే, మెచ్చుకున్నవాళ్ళూ తిట్టుకున్నవాళ్ళూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ళు చదవబోయింది రెండు వేర్వేరు పుస్తకాలు, అంతే తేడా.

నేను విజయవాడలో చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. ఒక గోడ నిండా తెలుగు నవలలు, ఎదురు గోడకి ఇంగ్లీషు థ్రిల్లర్లు. ఇప్పుడు పాత పుస్తకాల అమ్మకం మాత్రమే. అద్దె పుస్తకాలవాడికి ఒక సౌకర్యం ఉంది. పాఠకుడు నోటితో ఏం చెప్పినా, పుస్తకం తిరిగొచ్చే తీరు అసలు సంగతి చెప్పేస్తుంది. ‘సైలెన్స్’ తీసుకెళ్ళినవాళ్ళు మర్నాడో ఆ మర్నాడో నిద్రలేని కళ్ళతో వచ్చి “ఈయనవి ఇంకేమున్నాయండీ” అనేవాళ్ళు. ‘హానిబల్’ మాత్రం వారం దాటి, లేటు డబ్బులతో సహా వచ్చేది. మా కాపీ చివర ఖాళీ పేజీ మీద ఎవరో పెన్సిల్‌తో “మాస్టర్‌పీస్” అని రాశారు. దాని కింద ఇంకొకరు “నీ మొహం” అని రాశారు. ఆ పుస్తకానికి వచ్చిన సమీక్షలన్నీ కలిపినా దాదాపు ఇంతే.

వెటకారం కాదు, నిజంగానే. 1999 జూన్‌లో ‘హానిబల్’ వచ్చినప్పుడు స్టీఫెన్ కింగ్ న్యూయార్క్ టైమ్స్‌లో దాన్ని ఆకాశానికెత్తాడు. మన కాలంలో అత్యంత భయపెట్టిన రెండు జనరంజక నవలల్లో ఇదొకటి, రెండోది ‘ది ఎగ్జార్సిస్ట్’ అన్నాడు. అదే ఏడాది బ్రిటిష్ రచయిత మార్టిన్ ఎమిస్ దాన్ని చీల్చి చెండాడాడు. ఎమిస్‌కి హారిస్ అంటే ముందునుంచీ పడదనుకుంటే పొరపాటు. అంతకుముందు రెండు నవలలనీ బాగా మెచ్చుకున్నవాడే. ఇద్దరూ రచనలో తలపండినవాళ్ళు, ఒకే పుస్తకం చదివారు. కాబట్టి మీ స్నేహితులు రెండు ముక్కలయ్యారంటే ఆశ్చర్యం లేదు.

ముందు ఆ డబ్బు ఆరోపణ సంగతి తేల్చేద్దాం. హారిస్ 1940లో పుట్టాడు. మొదటి నవల ‘బ్లాక్ సండే’ 1975లో, ‘రెడ్ డ్రాగన్’ 1981లో, ‘సైలెన్స్’ 1988లో, ‘హానిబల్’ 1999లో, ‘హానిబల్ రైజింగ్’ 2006లో, ‘కారీ మోరా’ 2019లో వచ్చాయి. 44 ఏళ్ళలో 6 నవలలు. 1991లో ‘సైలెన్స్’ సినిమా వచ్చి, ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, అనుసరణ స్క్రీన్‌ప్లే అని 5 పెద్ద ఆస్కార్లు పట్టుకెళ్ళింది. డబ్బే కావాలంటే మరుసటి ఏడాదే ఏదో ఒకటి రాసి పడేసేవాడు. ఆయన మొత్తం 11 ఏళ్ళు తీసుకున్నాడు. ‘హానిబల్’ మీద ఎన్ని నిందలైనా వేయండి, హడావిడిగా రాశాడన్నది మాత్రం నిలబడదు. ‘హానిబల్ రైజింగ్’ సంగతి వేరు, అది తర్వాత చెప్తాను.

ఇక అసలు విషయం. హారిస్ నవలా రచయిత కాకముందు విలేఖరి. టెక్సస్‌లో వేకో పట్టణపు దినపత్రికలో నేరవార్తలు రాశాడు, తర్వాత న్యూయార్క్‌లో అసోసియేటెడ్ ప్రెస్‌లో పనిచేశాడు. ‘రెడ్ డ్రాగన్’ కోసం క్వాంటికోలో ఎఫ్‌బీఐ (అమెరికా కేంద్ర నేరపరిశోధన సంస్థ) శిక్షణ కేంద్రానికి వెళ్ళి, వరస హంతకుల మీద పనిచేసేవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ‘రెడ్ డ్రాగన్’, ‘సైలెన్స్’ రెండిటి బలమంతా అక్కడిదే. ‘సైలెన్స్’లో మీకు వెస్ట్ వర్జీనియాలో శవపరీక్ష జరిగే అధ్యాయం గుర్తుండే ఉంటుంది. గదినిండా స్థానిక పోలీసులు. వాళ్ళని బయటికి పంపాలి. ఎఫ్‌బీఐలో ఇంకా శిక్షణలో ఉన్న క్లారిస్ అరవదు, హోదా చూపించదు, వాళ్ళ ఊరి ఆడవాళ్ళ యాసలోకి దిగి మర్యాదగా చెబుతుంది. ఆ తర్వాత గొంతులో దొరికిన పురుగు గూడు, అది స్మిత్సోనియన్ మ్యూజియంలో కీటకాల నిపుణుల దగ్గరికి వెళ్ళడం, అది ఏ జాతి చిమ్మటో తేలడం. ఒక్కో మెట్టూ పని. ఎవరో తమ పని తాము శ్రద్ధగా చేస్తుంటే మనం పక్కన నిలబడి చూస్తాం. భయం ఆ పని మధ్యలోంచి పుడుతుంది.

మరి హానిబల్ లెక్టర్, మనుషుల్ని చంపి తినే ఆ మానసిక వైద్యుడు, అక్కడ ఎంతసేపుంటాడు? ‘రెడ్ డ్రాగన్’లో చాలా కొద్ది పేజీలు. ‘సైలెన్స్’లో కొంచెం ఎక్కువ. సినిమాలో ఆంథనీ హాప్కిన్స్ తెర మీద అరగంట కూడా కనిపించడు, అయినా ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చుకున్నాడు. లెక్టర్ పనిచేసింది మనకి అతను సరిగ్గా కనిపించలేదు కాబట్టే. తాళం వేసిన తలుపు వెనక ఉంటాడు, నాలుగు మాటలంటాడు, మనం వణుకుతూ బయటికొస్తాం.

‘హానిబల్’లో హారిస్ ఆ తలుపు తీసేశాడు. మీరు ఆగిపోయింది ఫ్లోరెన్స్ నగరం దగ్గరే అనుకుంటున్నాను. మా షాపులో ఎక్కువమంది ఆగింది అక్కడే, నాకు బాగా గుర్తు. అమెరికాలో కథ ఉరుకుతుండగా హఠాత్తుగా ఇటలీ, పాత భవనాలు, డాంటే కవిత్వం మీద ఉపన్యాసం, 1478 నాటి కుట్ర. మన పాఠకుడికి చిరాకు. “మధ్యలో ఈ చరిత్ర పాఠమేంటండీ” అని ఒక లాయరుగారు పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. విచిత్రమేమిటంటే, అదే భాగాన్ని ఒక సంగీతం మేష్టారు రెండుసార్లు అద్దెకు తీసుకెళ్ళి చదివారు. మిగతా పుస్తకం ఆయనకి అక్కర్లేదు.

ఆ భాగం ఊరికే అలంకారానికి పెట్టింది కాదని ఆయనే నాకు చూపించారు. 1478లో ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచీ కుటుంబం మీద కుట్ర పన్నినందుకు పాజీ వంశంలో ఒకణ్ణి ఫ్లోరెన్స్‌లోని వెక్కియో భవనం కిటికీలోంచి ఉరితీశారు. నవల్లో లెక్టర్‌ని గుర్తుపట్టే పోలీసు అధికారి ఇంటిపేరు కూడా పాజీయే. లెక్టర్‌ని అరెస్టు చేస్తే పోగొట్టుకున్న పరువు తిరిగొస్తుంది. అతని మీద పగబట్టిన కోటీశ్వరుడికి అమ్మేస్తే డబ్బొస్తుంది. అతను రెండోది ఎంచుకుంటాడు. పూర్వీకుడి కథ తెలిసిన పాఠకుడికి ఇతని కథ ఎటు పోతోందో ముందే తెలుస్తుంది, అయినా చూడకుండా ఉండలేడు. ఇది పరిశోధన నవల పద్ధతి కాదు, పాతకాలపు విషాదాంత నాటకం పద్ధతి. హారిస్ 1994లో ఫ్లోరెన్స్ వెళ్ళి, ఆ ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి వణికించిన జంట హత్యల కేసు విచారణకి హాజరయ్యాడు కూడా. విలేఖరి అలవాటు ఎక్కడికీ పోలేదు. దాన్ని వాడుకున్న తీరు మారింది.

కథ చెప్పే గొంతు కూడా మారింది. ‘సైలెన్స్’లో రచయిత కనిపించడు, చాలామటుకు క్లారిస్‌కి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. ‘హానిబల్’లో చెప్పేవాడు మన భుజం మీద చెయ్యేసి, రండి, ఇప్పుడు మనం డాక్టరుగారి జ్ఞాపకాల భవనంలోకి వెళ్దాం అన్నట్టు నడిపిస్తాడు. భూతకాలం నుంచి వర్తమానంలోకి మాటిమాటికీ జారతాడు. కొందరికి ఈ గొంతు మత్తెక్కిస్తుంది, కొందరికి ఒళ్ళు మండుతుంది. నాకు ఫ్లోరెన్స్‌లో నచ్చింది, చివరి భాగంలో విసుగొచ్చింది.

దీనికంటే పెద్ద గొడవ ఇంకొకటుంది. మీరు ‘సైలెన్స్’ చదివారు కదా, మొదటిసారి కలిసినప్పుడు క్లారిస్ ప్రశ్నల పత్రం ఇస్తే లెక్టర్ ఏమంటాడో చూడండి. తనకేమీ జరగలేదనీ, తానే జరిగాననీ, తనని కొన్ని ప్రభావాల లెక్కగా కుదించలేరనీ అంటాడు. ఆ పాత్ర మొత్తం ఆ మాట మీద నిలబడింది. కారణం లేని చెడు. ‘హానిబల్’కి వచ్చేసరికి హారిస్ ఒక కారణం తెచ్చి పెట్టాడు: యుద్ధకాలంలో చనిపోయిన చిన్న చెల్లెలు మీషా. ‘హానిబల్ రైజింగ్’ మొత్తం ఆ కారణం మీదే నడుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం, లిథువేనియా, ఆకలితో ఉన్న దోపిడీగాళ్ళు, పగ. అన్నం తినని పిల్లాడికి బూచాడి చిన్నప్పటి కష్టాలు చెబితే ఇంకేం భయపడతాడు? జాలిపడి, రేపటినుంచి బూచాడికి కూడా ఓ ముద్ద పెట్టమంటాడు.

అభిమానులు చీలిపోయింది నిజానికి ఇక్కడ. లెక్టర్ అంటే భయం కావాల్సినవాళ్ళు మోసపోయామన్నారు. లెక్టర్ అంటే ఇష్టం ఏర్పడినవాళ్ళు, హాప్కిన్స్ పుణ్యమా అని వాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఇంకా కావాలన్నారు. హారిస్ రెండో వైపుకి వెళ్ళాడు. ‘హానిబల్’లో లెక్టర్ చంపేవాళ్ళు దాదాపు అందరూ అతనికంటే నీచంగా కనిపించేలా రాశాడు. చూపించాల్సినవాడి పక్షాన రచయితే చేరిపోయాడన్నది నా ఫిర్యాదు. వాక్యం రాసే చేయి మాత్రం అదే చేయి.

మన దగ్గర కూడా ఇలాంటిది చూశాను. ‘తులసిదళం’ కోసం క్యూ కట్టిన యండమూరి పాఠకులే ‘విజయానికి ఐదు మెట్లు’ వచ్చాక రెండు వర్గాలయ్యారు. “మాకు మళ్ళీ భయపెట్టేవి కావాలండీ” అన్నవాళ్ళున్నారు, అద్దెకి తీసుకుని సరిపోక సొంతంగా కొనుక్కున్నవాళ్ళున్నారు. రచయిత నడుస్తూ ఉంటాడు, పాఠకుడు తనకి నచ్చిన స్టేషన్లోనే దిగి నిలబడతాడు. ఎవరిదీ తప్పనలేం.

ఇక్కడ కథ బయటపెడుతున్నాను. ‘హానిబల్’ ముగింపు తెలుసుకోకూడదనుకుంటే ఈ రెండు పేరాలు వదిలేయండి. చివర లెక్టర్ క్లారిస్‌ని మందులతో, మాటలతో తన వశం చేసుకుంటాడు. ఆమె మీద కక్ష కట్టిన న్యాయశాఖ అధికారి క్రెండ్లర్ బతికుండగానే అతని మెదడు వండుకు తినే విందు జరుగుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి వెళ్ళిపోతారు, బ్యూనస్ ఐరిస్ ఒపెరాలో జంటగా కనిపిస్తారు. మొదటి సినిమాలో క్లారిస్‌గా వేసిన జోడీ ఫాస్టర్ రెండో సినిమాలో నటించలేదు, ఆ పాత్ర జూలియన్ మూర్‌కి వెళ్ళింది. మొదటి సినిమా తీసిన జోనథన్ డెమీ కూడా తప్పుకున్నాడు. 2001లో రిడ్లీ స్కాట్ తీసిన సినిమా ఆ ముగింపుని మార్చేసింది. సినిమాలో క్లారిస్ లొంగదు, లెక్టర్ తన చేయి తానే నరుక్కుని తప్పించుకుంటాడు.

మా షాపుకి వచ్చే మెడికల్ స్టూడెంట్ ఒకమ్మాయి ఈ ముగింపు చదివి నిజంగా బాధపడింది. మగవాళ్ళు నిండిన గదిలో తన పని తాను చేసుకుపోయే క్లారిస్ ఆమెకి సొంత మనిషి. “అన్నీ గెలిపించి చివరికి మందుపెట్టి ఓడించాడేంటి” అంది. ఆ కోపం న్యాయమైనదే. దీనికి హారిస్ వైపునుంచి కూడా ఒక వాదన ఉంది. మొదటి అధ్యాయంలో చేపల మార్కెట్ దగ్గర కాల్పులు గుర్తున్నాయి కదా. అక్కడినుంచీ ఎఫ్‌బీఐ ఆమెని ఒంటరిని చేస్తూనే ఉంటుంది. నిజాయితీగా పనిచేసినందుకు సంస్థ ఆమెకి ఇచ్చిందేమీ లేదు, గౌరవం ఇచ్చింది ఒక్క రాక్షసుడే. ఈ దారి చివర ఆమె స్వయంగా అటు నడిచి వెళ్తే అంతకంటే భయంకరమైన ముగింపు ఉండేది కాదు. మందులు పెట్టడంతో అది ఆమె నిర్ణయమో కాదో తేలకుండా పోయింది. నా దృష్టిలో ముగింపు బలహీనమైంది ఇక్కడ. ఎంత ఘోరమైన ముగింపన్నది నాకు లెక్క కాదు, ఎవరు నిర్ణయించారన్నది దాటేశాడన్నదే నా బాధ.

‘హానిబల్ రైజింగ్’ గురించి ఎక్కువ చెప్పను. లెక్టర్ సినిమా హక్కులున్న నిర్మాత డీనో డి లారెంటిస్, లెక్టర్ బాల్యం కథ నువ్వు రాయకపోతే ఇంకొకరితో రాయిస్తానని హారిస్‌తో అన్నట్టు తానే ఇంటర్వ్యూలో చెప్పాడు. నవల 2006 డిసెంబరులో వచ్చింది, సినిమా 2007 ఫిబ్రవరిలో. స్క్రీన్‌ప్లే కూడా హారిస్‌దే. తన పాత్రని పరాయివాళ్ళ చేతిలో పెట్టలేక రాశాడని కొందరు జాలిపడతారు. ఉండొచ్చు. పుస్తకం మాత్రం సీన్ల జాబితాలా ఉంటుంది.

‘కారీ మోరా’ మీద నాకు కొంచెం మెత్తని మనసుంది. 1975 తర్వాత లెక్టర్ లేకుండా ఆయన రాసిన నవల ఇదొక్కటే. మయామీ బీచ్‌లో ఒకప్పుడు పాబ్లో ఎస్కోబార్‌దైన ఇల్లు, దాని కింద బంగారం, ఆ ఇంటిని చూసుకునే కొలంబియా అమ్మాయి. చిన్నప్పుడు గెరిల్లాలు బలవంతంగా తుపాకీ పట్టించిన పిల్ల. గాయపడ్డ పక్షులకి వైద్యం చేసే కేంద్రంలో ఆమె పని చేసే పేజీలు పాత హారిస్‌ని గుర్తుచేస్తాయి: చేతులు, కట్లు, ఓపిక. మయామీలో హారిస్ తానే అలాంటి కేంద్రానికి వెళ్తూ ఉంటాడు, అందుకే ఆ వివరాలు అంత సరిగ్గా ఉన్నాయి. విలన్ దగ్గరికొచ్చేసరికి పుస్తకం జావగారిపోయింది. వాడు చేసే పనులు ఘోరంగా ఉంటాయి, వాడు మాత్రం గుర్తుండడు. లెక్టర్‌ని ఆశించి కొన్నవాళ్ళు ఒక్క నక్షత్రం ఇచ్చారు. పేరు చూడకుండా చదివితే ఫర్వాలేదనిపించే థ్రిల్లర్.

ఇంకో సంగతి, ఇది మీరు అడగలేదు కానీ ఉపయోగపడుతుంది. లెక్టర్ ఎక్కడినుంచి వచ్చాడో హారిస్ 2013లో, ‘సైలెన్స్’ 25 ఏళ్ళ ప్రత్యేక ప్రచురణ ముందుమాటలో చెప్పాడు. 1960లలో కుర్ర విలేఖరిగా మెక్సికోలో మాంటెరే జైలుకి ఒక అమెరికన్ ఖైదీని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్ళాడు. అక్కడ ఆ ఖైదీ తుపాకీ గాయానికి చికిత్స చేసిన డాక్టరుతో మాట్లాడాడు. సన్నటి మనిషి, మర్యాద, మనుషుల మనసుల మీద పదునైన ప్రశ్నలు. జైలు డాక్టరనుకున్నాడు. తీరా అతను కూడా హత్య చేసి శిక్షపడ్డ ఖైదీయేనని బయటికొచ్చేటప్పుడు అధికారి చెప్పాడు. హారిస్ ఆ మనిషి అసలు పేరు రాయలేదు. ఆ కలయిక ఎంతసేపో జరగలేదు, దాని గురించి ఆయనకి తెలిసిందీ కొంచెమే. మొదటి రెండు నవలల్లో లెక్టర్ కూడా సరిగ్గా అంతే కొంచెం తెలుస్తాడు. తర్వాతివాటిలో హారిస్ ఆ ఖాళీలన్నీ నింపుకుంటూ పోయాడు.

ఇక కొనే విషయం. ‘రెడ్ డ్రాగన్’ తీసుకుంటే 2000 తర్వాతి ప్రచురణ చూసుకోండి. అందులో హారిస్ రాసిన ముందుమాట ఉంటుంది: మిసిసిపీలో పత్తిచేను మధ్య చిన్న ఇంట్లో, రాత్రిళ్ళు వీధికుక్కల తోడుతో ఆ నవల ఎలా రాశాడో. పేరుకి ముందుమాట, మీరు మాత్రం నవల అయ్యాకే చదవండి. నవల్లో హంతకుడు తాను చంపే కుటుంబాలని ఎలా ఎంచుకుంటున్నాడో పరిశోధకుడు విల్ గ్రాహం పట్టుకునే చోటు ఒకటుంది. దాని గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా చెప్పను. థ్రిల్లర్లలో అంత శుభ్రమైన ఆధారం నేను అరుదుగా చూశాను.

అది చదివాక కూడా ‘హానిబల్’ ఎక్కకపోతే బలవంతంగా పూర్తిచేయనక్కర్లేదు. 2013 నుంచి 2015 వరకు 3 సీజన్లు వచ్చిన ‘హానిబల్’ టీవీ సీరియల్ చూడండి. దాన్ని తీసినవాళ్ళకి లెక్టర్ మీద మోజు ఉందన్న సంగతి మొదటి భాగంలోనే తెలిసిపోతుంది కాబట్టి మోసపోయామన్న కోపం రాదు. మీకు కావాల్సింది లెక్టర్ కాదు, ఆ పరిశోధన పద్ధతీ ఆ టెన్షనూ అయితే, ‘బ్లాక్ సండే’ వెతుక్కోండి. సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మ్యాచ్ మీద గాలి ఓడతో దాడి చేసే పథకం. ఎవరూ ఎవరి మెదడూ తినరు. కొత్త కాపీ దొరక్కపోతే పాత పుస్తకాల షాపుల్లో అడగండి, లెక్టర్ పేరు లేదని జనం పట్టించుకోరు కాబట్టి చవగ్గానే ఇస్తారు.